శిశుగృహమును ఎంచుకొనుట: తల్లిదండ్రులకు కొన్ని సూచనలు

పసిబిడ్డ పెంపకము మన కుటుంబములలో ఏనాడును ఒక్క తల్లి పనిగా నుండలేదు. తల్లి పొలమునకు పోయినను, వంటయింట మునిగియున్నను, బిడ్డను చూచుటకు అవ్వయో, మేనత్తయో, పెద్దమ్మయో ఇంట నుండెడివారు. హోసూరు పరిసరములలో 1970 దశకము నుండి పారిశ్రామిక వాడలు వెలసిన పిమ్మట ఈ స్థితి క్రమముగా మారినది. నేడు మన యిండ్లలోని స్త్రీలు అనేకులు కర్మాగారములలోను, ఆసుపత్రులలోను, దుకాణములలోను, బెంగుళూరు కార్యాలయములలోను పనిచేయుచున్నారు. అవ్వ పల్లెలో నున్నది. బిడ్డ పట్టణములో నున్నాడు. ఉదయము 8 గంటలకు ఇల్లు విడిచిన తల్లిదండ్రులు తిరిగి వచ్చుసరికి దీపాలవేళ యగుచున్నది. ఈ నడుమ నున్న తొమ్మిది, పది గంటలు బిడ్డ ఎవరి చేతిలో నుండవలెను? ఈ ప్రశ్న నేడు మనలో అనేక కుటుంబములను బాధించుచున్నది.

ఇట్టి బిడ్డలను పగటివేళ నుంచుకొని చూచు స్థలములను లోకమున డే కేర్ అనియు, క్రెష్ అనియు వ్యవహరించుచున్నారు. మేమిచ్చట వానిని శిశుగృహములని పేర్కొందుము. బడి నడుపు మాకు శిశుగృహములతో పనియేమని కొందరడుగవచ్చును. పని కలదు. ప్రతి జూన్ నెలలోను మా శిశు తరగతిలో చేరు బిడ్డలు వట్టి పలకలవలె రారు. పెద్దలను నమ్మవచ్చునో లేదో, ఏడ్చినచో ఎవరైన వత్తురో రారో, మాటాడినచో ఎవరైన విందురో వినరో, ఇవి యన్నియు వారు అప్పటికే నేర్చియుందురు. ఆ పాఠము చెడినచో మేము నేర్పు అక్షరములు నిలుచుట కష్టము. కావున ఈ సంచికయందు ఆ మొదటి పాఠశాలను గూర్చి వ్రాయుచున్నాము.

మొదటనే ఒక మాట చెప్పుదుము. శిశుగృహమును ఎంచుకొనుట యనగా పగలంతయు మన బిడ్డను ఎత్తుకొను మనిషిని ఎంచుకొనుట. భవనము, బొమ్మలు, గోడమీది రంగులు, నామఫలకము ఇవి యన్నియు ఆ తరువాతివి. ఈ యొక్క సూత్రమును మరువకున్నచో మిగిలిన విచారణ సులభమగును.

ఇది మనకు క్రొత్త గాదు

బిడ్డను ఇతరుల చేతిలో నుంచుట సిగ్గుపడదగిన పని యని తలంచు తల్లులు ఇంకను గలరు. వారి మనస్సులోని నొప్పి మాకు తెలియును. అయినను సిగ్గునకు కారణము లేదు. 1907 జనవరి 6వ తేదీన రోము నగరమునందలి పేదల వాడలో మరియా మాంటిసోరి స్థాపించిన మొదటి బాలగృహము, పనికి పోవు తల్లిదండ్రుల పిల్లల కొరకే ఏర్పడినది. మన దేశమున 1920లో గిజుభాయి బధేకా భావనగరమున బాలమందిరమును నెలకొల్పెను. మాంటిసోరి 1939లో మదరాసునకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. 1937లో అదే మదరాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయి, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలై, గ్రామములందు బాలవాడులు నడుచుటకు తోడ్పడెను. తమిళదేశమున నివసించిన ఒక తెలుగు స్త్రీ చేసిన ఆ సేవ మనమందరము స్మరింపదగినది. 1969లో ఢిల్లీలో మీరా మహదేవన్, భవన నిర్మాణపు కూలీల బిడ్డలు ఇసుకలోను దుమ్ములోను పడియుండుట చూచి, పనిచోటనే వారికి శిశుగృహము నేర్పరచెను. బిడ్డకు రెండవ ఒడిని కల్పించుట పెద్దలందరి బాధ్యత యని వీరందరు గుర్తించిరి.

మనకు లభించు శిశుగృహములు

మన ప్రాంతమున సాధారణముగ నాలుగు విధములైన ఏర్పాట్లు కనిపించుచున్నవి.

మొదటిది అంగన్‌వాడి. 1975 అక్టోబరు 2వ తేదీన దేశమున 33 చోట్ల ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమునకు ఇది ఆధారము. ఇచ్చట రుసుము లేదు. ఆహార మిత్తురు, తూకము వేయుదురు, టీకాల విషయమున సాయపడుదురు. అయినను అనేక అంగన్‌వాడులు సాయంకాలము వరకు నడువవు. 2022లో కేంద్ర ప్రభుత్వము పాల్నా అను పథకము క్రింద 6 నెలలు మొదలుకొని 6 ఏండ్ల వరకు గల పిల్లలకై శిశుగృహములను నడుపుటకు, కొన్ని అంగన్‌వాడులలోనే అట్టి వసతి కల్పించుటకు పూనుకొన్నది. మీ వీధిలోని అంగన్‌వాడి ఏ వేళ వరకు నుండునో, సమీపమున పగలంతయు నడుచు కేంద్రము గలదో లేదో మొదట విచారింపుడు. ఉచితముగ లభించునది తక్కువదని తలంపవలదు. మనస్సు పెట్టి పనిచేయు అంగన్‌వాడి టీచరు గల చోట బిడ్డకు ఎంతో మేలు గలదు.

రెండవది పనిచోట నుండు శిశుగృహము. 2017లో ప్రసూతి సౌకర్యముల చట్టమునకు చేసిన సవరణ ప్రకారము 50 మంది లేక అంతకు మించిన ఉద్యోగులు గల సంస్థ శిశుగృహ వసతి కల్పింపవలెను. తల్లి దినమునకు నాలుగు మారులు పోయి బిడ్డను చూచుటకు అనుమతింపవలెను. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను ఈ నియమము నిలిచియున్నది. ఇది యజమాని దయవలన కలుగు ఉపకారము గాదు, అడుగదగిన హక్కు. ఒక్కరు అడుగుటకు జంకినచో పదిమంది కలిసి అడుగవచ్చును.

మూడవది రుసుము పుచ్చుకొని నడుపు ప్రైవేటు శిశుగృహములు, ప్లే స్కూళ్ళు. నాల్గవది ఇరుగుపొరుగున నొక గృహిణి తన యింటనే ఇద్దరు ముగ్గురు బిడ్డలను చూచుట. ఈ నాల్గింటిలో నేది యుత్తమమని పేరును బట్టి చెప్పుటకు వీలులేదు. నాలుగు విధములలోను మంచివి గలవు, చెడ్డవియు గలవు. వెళ్ళి చూచుటయే మార్గము.

ఎప్పుడు వెళ్ళవలెను, ఏమి చూడవలెను

రెండు మారులు వెళ్ళుడు. ఒకమారు చెప్పి వెళ్ళుడు. మరియొకమారు చెప్పకుండ వెళ్ళుడు. ఉదయమున అందరును ఉత్సాహముతో నుందురు. సాయంకాలము 4, 5 గంటల నడుమ పిల్లలు విసిగి, ఆయాలు అలసియున్న వేళ చూచినచో ఆ స్థలముయొక్క నిజస్వరూపము తెలియును. తల్లి యొక్కతెయే పోవుట గాక తండ్రియు తోడుగ పోవలెను. ఒకరి కంటికి తప్పినది మరియొకరి కంటికి కనబడును.

అచ్చట నొక మూల కూర్చుండి అరగంట సేపు మౌనముగ చూడుడు. ఒక బిడ్డ యేడ్చినచో ఎంత సేపటికి ఎవరైన దరిచేరుచున్నారు? ఆయా నిలువబడి పైనుండి కేకవేయుచున్నదా, నేలపై కూర్చుండి బిడ్డ కన్నులలోనికి చూచి మాటాడుచున్నదా? ముక్కు తుడుచునప్పుడు, బట్ట మార్చునప్పుడు ఏదైన పలుకుచున్నదా, వస్తువును తుడిచినట్లు తుడిచి పోవుచున్నదా? పిల్లల పేర్లు ఆమెకు తెలియునా? అన్నింటికంటె ముఖ్యముగ, ఆమె గదిలోనికి రాగానే పిల్లలు ఆమె చీరచెంగు పట్టుకొనుచున్నారా, బిగుసుకొని యొదిగిపోవుచున్నారా? పిల్లల ముఖములే నమ్మదగిన సాక్ష్యము.

తరువాత లెక్కపెట్టుడు. ఇంగ్లండు దేశపు నియమమున రెండేండ్ల లోపు పిల్లలు ముగ్గురికి ఒక్క పెద్దమనిషి యుండవలెను. 2023 నుండి రెండేండ్ల పిల్లలు ఐదుగురికి ఒకరు చాలునని అచ్చట సడలించిరి. మన చోట అంతటి వసతి దొరకుట దుర్లభము. అయినను ఇద్దరు చంటిబిడ్డలు ఒక్కసారి యేడ్చినచో ఒక్క ఆయా ఇద్దరిని ఎత్తుకొనగలదు, ఆరుగురిని ఎత్తుకొనలేదు. ఈ చిన్న లెక్కను మనస్సున నుంచుకొని నిర్ణయింపుడు. ఏడాది నిండని బిడ్డను, ఒక్క ఆయా పదిమందిని చూచు చోట నుంచుట మంచిది గాదు.

ఆయాలు ఎన్నాళ్ళనుండి పనిచేయుచున్నారని అడుగుడు. నెలకొక మనిషి మారుచున్నచో బిడ్డ ఎవరిని నమ్మవలెను? ఆయాకు సరియైన జీతము, మధ్యాహ్నము కొంత విశ్రాంతి గలవా యని విచారించుట మర్యాద గాదని తలంపకుడు. ఆకలితోను అలసటతోను పనిచేయు మనిషి చేతిలో ఓర్పు నిలువదు. జీతము చాలని మనిషి ఎక్కువ కాలము నిలువదు.

స్థలము, భద్రత

2004 జులై 16వ తేదీన కుంభకోణమున నొక పాఠశాలలో జరిగిన అగ్నిప్రమాదమును తమిళనాడు మరువలేదు. వంటశాల పూరికప్పునుండి మంటలు లేచి 94 మంది పసిపిల్లలు ప్రాణములు గోల్పోయిరి. ఆ దుఃఖము మనకు నేర్పిన పాఠమును ప్రతి శిశుగృహపు గడపయందును జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. వంటగది పిల్లల గదికి దూరముగ నున్నదా? బయటికి రెండు దారులు గలవా? ఇనుప తలుపునకు తాళము వేసి తాళపుచెవిని ఎచ్చటనో పెట్టుచున్నారా? మేడమీద నున్నచో మెట్లకు అడ్డుతలుపు గలదా? ప్రభుత్వ అనుమతి పత్రము, అగ్నిమాపక శాఖవారి పత్రము చూపుమని అడుగుడు. సవ్యముగ నడుపువారు సంతోషముతో చూపుదురు.

నీటి విషయమున మరింత జాగ్రత్త వలయును. మన ప్రాంతపు ఇండ్లలో నేలలోపల నీటితొట్టి, అనగా సంపు, సాధారణము. దాని మూతకు తాళము గలదా? బక్కెటలో జానెడు నీరున్నను తలక్రిందుగ పడిన పసిబిడ్డ లేవలేడు. స్నానపు గదిలో నీరు నింపిన బక్కెట్లు, అందుబాటులో ఫినాయిలు సీసాలు, ఆసిడ్ సీసాలు, తక్కువ ఎత్తున విద్యుత్ ప్లగ్గులు, నేలపై నాణెములు, గుండీలు, గడియారములలో వేయు చిన్న బటన్ బ్యాటరీలు కనబడరాదు. వేరుశనగపప్పువంటి గట్టి గింజలు చిన్న పిల్లల గొంతున పడినచో ఊపిరి యాడదు. అట్టివి తినిపించుచున్నారేమో చూడవలెను.

బిడ్డను సాయంకాలము ఎవరికి అప్పగింతురు? పేర్లు వ్రాసిన పుస్తకము గలదా? తెలియని మనిషి వచ్చి, "మామను, తీసికొనిపోవుదును" అన్నచో ఏమి చేయుదురు? దీనికి తడుముకొనక సమాధానము చెప్పు చోటనే బిడ్డను వదలవలెను.

ఆహారము, నిద్ర, ఆరోగ్యము

మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరియేమియు బిడ్డకు అవసరము లేదని వైద్యులు చెప్పుచున్నారు. ఆ లోపల పనికి పోవలసిన తల్లి పాలు పితికి సీసాలో నుంచిపోవచ్చును. గదివేడిలో అవి నాలుగు గంటలకు మించి యుండరాదు; అంతకు మించి నిలువ యుంచుటకు ఫ్రిజ్ కావలెను. శిశుగృహమున ఆ వసతి గలదా? ఎవరి సీసా వారికే యిత్తురా? ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించు అలవాటు మన యిండ్లలో నున్నది. అది ఆ వయస్సున ప్రమాదకరమని ఆయాకును, ఇంటి పెద్దలకును చెప్పవలెను. పాలు త్రాగిన బిడ్డను వెల్లకిల పరుండబెట్టుట క్షేమకరము.

ఆయా చేతులు సబ్బుతో కడుగుకొనుచున్నదా యని కనులార చూడుడు. బట్ట మార్చిన వెంటనే కడుగుకొనవలెను. తినిపించుటకు ముందును కడుగుకొనవలెను. ఈ యొక్క అలవాటు గల చోట విరేచనములు, జలుబులు ఎంతయో తగ్గును. జ్వరముతో నున్న బిడ్డను ఏమి చేయుదురని అడుగుడు. బిడ్డ టీకాల పుస్తకమును చూపుమని అడుగు శిశుగృహము మంచిది; ఏలయన, ఇతర పిల్లలను గూర్చియు వారట్లే శ్రద్ధ వహించుచున్నారని అర్థము. 9వ నెలలోను, మరల 16 నుండి 24 నెలల లోపలను వేయు తట్టు, రుబెల్లా టీకాను తప్పింపరాదు.

పిల్లలందరు ఏ వేళ చూచినను మత్తుగ నిద్రించుచున్నచో సంతోషింపకుడు. ఊరక నుండుటకై దగ్గుమందులు పట్టు దురాచారము కొన్ని చోట్ల గలదు. మీ అనుమతి లేక ఏ మందును ఇయ్యరాదని మొదటి దినముననే స్పష్టముగ చెప్పుడు.

ఇక తెర విషయము. రెండేండ్ల లోపు బిడ్డలకు టెలివిజను, ఫోను చూపుట తగదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వరకు దినమునకు గంటకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. అన్నము తినిపించుటకు ఫోను చేతికిచ్చు చోట పిల్లలు ఊరక నుందురు. అది క్రమశిక్షణ గాదు. ఆ మౌనము బిడ్డ మాటను మ్రింగివేయును.

కొట్టుట, చీకటి గదిలో నుంచుట, బూచివాడని బెదిరించుట, ముక్కు మూసి అన్నము కుక్కుట, ఇవి యేవియు ఏ కారణముచేతను సమ్మతింపదగినవి గావు. తల్లిదండ్రులు ఏ వేళ వచ్చినను లోనికి రానిత్తురా యని అడుగుడు. మా యభిప్రాయమున ఇదియే అన్నింటిలోను ముఖ్యమైన ప్రశ్న. "ముందు చెప్పి రావలెను" అను చోట బిడ్డను వదలవలదు. గోడకు కెమెరా యున్నంత మాత్రమున చాలదు. తెరచిన తలుపునకు సాటి యగు కాపలా లేదు. బిడ్డకు కీడు జరుగుచున్నదని అనుమానము కలిగినచో 1098 అను ఉచిత ఫోనునకు చెప్పవచ్చును. 2012 నాటి పోక్సో చట్టము పసిబిడ్డల మానరక్షణకై యేర్పడినది.

భాష మాటేమి?

ఇప్పుడు మనవంటి వారికి ప్రత్యేకమైన ప్రశ్నకు వచ్చుచున్నాము. భారత రాజ్యాంగమునందు 1956లో చేర్చిన 350ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషా వర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. 2002లో మార్చిన 45వ అధికరణము ఆరేండ్ల లోపు పిల్లల సంరక్షణకును విద్యకును రాజ్యము పాటుపడవలెనని చెప్పుచున్నది. అయినను శిశుగృహమున బిడ్డతో ఏ భాషలో మాటాడవలెనో ఏ చట్టమును చెప్పదు. ఒడిలోని భాషను కాపాడుట కుటుంబముయొక్క పనియే.

తెలుగు మాటాడు ఆయా, ప్రేమగలది, సమీపమున దొరకినచో అంతకంటె భాగ్యము లేదు. కాని ప్రేమగల తమిళ ఆయా ఒకవైపు, బిడ్డను పట్టించుకొనని తెలుగు ఆయా మరియొకవైపు నున్నచో ఏమి చేయవలెను? తెలుగు బడి నడుపు మేము ఈ ప్రశ్నకు సంకోచింపక సమాధానము చెప్పుదుము: ప్రేమగల తమిళ ఆయాయొద్దనే బిడ్డను వదలుడు. ఆమె "కణ్ణా" యని పిలిచినను, కన్నడ ఆయా "కందా" యని పిలిచినను, బిడ్డ గ్రహించునది ఆ పిలుపులోని మమకారమును. తనతో ఎడతెగక మాటాడు మనిషి యొద్ద పెరిగిన బిడ్డకు మాటయొక్క రుచి తెలియును. ఆ రుచి తెలిసిన బిడ్డకు ఇంట తెలుగు నిలుపుట కష్టము గాదు. ఎవరును పలుకరింపక పెరిగిన బిడ్డకు ఏ భాషయు సరిగ రాదు. పైగా మనము తరతరములుగ ఈ గడ్డపై తమిళ, కన్నడ జనులతో కలిసిమెలిసి బ్రతికినవారము. పొరుగు భాష బిడ్డకు భారము గాదు, ఆస్తి.

రెండు భాషలు వినుటచే బిడ్డకు మాట ఆలస్యమగునని కొందరు భయపడుచున్నారు. అది నిజము గాదు. మొదట కొంతకాలము రెండు భాషల మాటలను కలిపి పలుకును. అది సహజము, తనంతట సర్దుకొనును. ఏడాదిన్నర నిండినను ఒక్క మాటయు పలుకని బిడ్డను వైద్యునికి చూపి, ముందుగ చెవులు పరీక్షింపజేయవలెను. భాషలను నిందించుచు కాలము వృథా చేయరాదు.

ఒక్క విషయమున మాత్రము గట్టిగ నిలువుడు. "ఇంట తెలుగు మాటాడకుడు, ఇంగ్లీషే మాటాడుడు, లేనిచో బిడ్డ వెనుకబడును" అని చెప్పు సంస్థనుండి మర్యాదగ సెలవు తీసికొనుడు. బిడ్డకు తల్లి మాటను దూరము చేయు సలహా బిడ్డ మేలెరిగినవారి సలహా గాదు. తన యవ్వతో మాటాడలేని మనుమడు, మనుమని మాట తెలియని అవ్వ, ఈ యిద్దరి నడుమ తెగిన దారమును అతికించుట బడికి సాధ్యము గాదు. ఐదేండ్లు నిండి మా బడికి వచ్చిన తరువాత అక్షరములు నేర్పగలము, జోలపాటను నేర్పలేము.

బిడ్డను వదలు మొదటి దినమున ఒక చిన్న పని చేయుడు. బిడ్డ పలుకు మాటలను ఒక కాగితముపై తమిళ లిపిలోనో, కన్నడ లిపిలోనో వ్రాసి ఆయాకు ఇయ్యుడు. చదువురాని యామెకు నోట చెప్పుడు. బువ్వ యనగా అన్నము, లాల యనగా స్నానము, బజ్జో యనగా నిద్ర, ఉచ్చ యనగా ఏమో చెప్పనక్కరలేదు. బిడ్డ "బువ్వ, బువ్వ" యని యేడ్చుచుండగా అర్థము గాక ఆయా బొమ్మ నిచ్చినచో ఆ బిడ్డ బాధ ఎంతటిది! పది మాటలు తెలిసిన ఆయా ఆ యిబ్బందిని తప్పించును. తన మాటకు విలువ గలదని బిడ్డయు గ్రహించును.

ఇంట మనకు మిగులునది ఉదయము ఒక గంట, రాత్రి రెండు గంటలు. అవి చాలును. స్నానము చేయించునప్పుడు అంగాంగమునకు పేరు చెప్పుడు. అన్నము కలుపునప్పుడు కూరగాయల పేర్లు చెప్పుడు. గుడుగుడు గుంచము, చెమ్మచెక్క, దాగుడుమూతలు ఆడుడు. చందమామను చూపుడు. పరుండబెట్టునప్పుడు మీకు వచ్చిన జోలపాట పాడుడు. కంఠము బాగులేదని సంకోచింపకుడు, బిడ్డకు మీ కంఠమే మధురము. పల్లెలోని అవ్వతో దినమున కొకమారు ఫోనులో మాటాడింపుడు. అత్త, మామ, చిన్నాన్న, పెద్దమ్మ అను మాటలన్నియు ఒక్క "ఆంటీ", "అంకుల్" క్రింద అణగిపోకుండ చూడుడు. ఈ సమయమున తండ్రి ఫోను ప్రక్కన పెట్టినచో అది బిడ్డకు చేసిన గొప్ప ఉపకారము.

మొదటి వారము, ఆ తరువాత

ఎనిమిదవ నెల మొదలు ఏడాదిన్నర వరకు బిడ్డకు తల్లి యెడబాటు మిక్కిలి భయము గొల్పును. కావున వీలైనచో పనిలో చేరుటకు వారము, పది దినములు ముందుగనే అలవాటు చేయుడు. మొదటి దినము తల్లియు అచ్చటనే ఒక గంట కూర్చుండవలెను. మరునాడు అరగంట విడిచి రావలెను. అట్లు క్రమముగ పెంచవలెను. తల్లి వాడిన పాత చీరను పరుపుగ నిచ్చినచో ఆ వాసన బిడ్డకు ధైర్యము. బిడ్డ కన్ను గప్పి దొంగచాటుగ వెడలిపోవలదు. "సాయంత్రము వత్తును" అని చెప్పి, ముద్దిడి పొండు. చెప్పిన వేళకు రండు. బిడ్డ యేడ్చును. అయినను వెళ్ళినవారు తిరిగి వత్తురన్న నమ్మకము అట్లే కలుగును.

కొన్ని వారముల పాటు ఏడ్పు సహజము. కాని దినదినము బరువు తగ్గుట, రాత్రులు ఉలికిపడుట, ఒక మనిషిని చూడగానే వణకుట, ఒంటిపై కారణము తెలియని గుర్తులు, పలుకుచుండిన బిడ్డ పలుకుట మానివేయుట, వీనిని తేలికగ తీసికొనవలదు. "అన్నియు అలవాటగును" అను మాట విని ఊరకుండక, మరునాడే చెప్పకుండ వెళ్ళి చూడుడు. కట్టిన రుసుము పోవునని బిడ్డను అచ్చటనే యుంచుట తగదు.

ప్రతి సాయంకాలము ఆయాను మూడు ప్రశ్నలడుగుడు: ఏమి తిన్నది, ఎంత సేపు నిద్రించినది, నేడు దేనికి నవ్వినది? మూడవ ప్రశ్నకు నిజముగ సమాధానము చెప్పగల ఆయా దొరకినచో ఆమెను విడువకుడు. ఆమెను పేరుపెట్టి, వయస్సునకు తగినట్లు అక్కా యనియో, అమ్మా యనియో పిలువుడు. పండుగనాడు ఆమెకును ఒక చీర యిచ్చినచో తప్పు లేదు. మన బిడ్డకు ఆమె చేయు సేవ వెల కట్టరానిది.

వసతి లేనివారి మాట

ఇదంతయు చదివి, "ఎంచుకొనుటకు మాకు ఎన్ని గలవు?" అని నిట్టూర్చు తల్లిదండ్రులు మనలో గలరు. వారికి మేము చేయు మొదటి మనవి: పసిబిడ్డను చూచుటకై ఎనిమిది, తొమ్మిదేండ్ల అక్కను బడి మాన్పింపకుడు. హాజరు పట్టీలో ఒక బాలిక పేరున వరుసగ గైర్హాజరులు కనిపించినప్పుడు, ఇంట నొక చంటిబిడ్డ యున్నదని మేము ఊహింపగలము. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల వరకు ప్రతి బిడ్డకును చదువు హక్కని చెప్పుచున్నది. తొమ్మిదేండ్ల బాలిక తల్లి గాదు, ఆమెయు బిడ్డయే. ఇద్దరు పిల్లల క్షేమమును ఒక్కసారి పణముగ పెట్టు ఏర్పాటు అది.

రెండవ మనవి: ఒంటరిగ వెదకకుడు. ఒకే వీధిలో నలుగురు, ఐదుగురు తల్లులు కలిసినచో, ఓర్పుగల ఒక గృహిణికి తగిన జీతమిచ్చి, ఆమె యింటనే పిల్లల నుంచవచ్చును. తల్లులలో ఒకరు సెలవు దినమున అచ్చట కూర్చుండి చూడవచ్చును. అంగన్‌వాడి వేళలు పెంచుమని పదిమంది సంతకములతో అర్జీ యిచ్చినచో దానికి బలము గలుగును. పనిచేయు సంస్థయందు శిశుగృహమును అడుగుటకును అదియే మార్గము. ఈ ప్రయత్నములందు సలహా కావలసిన కుటుంబములు బడి వేళల యనంతరము మమ్ము కలిసికొనవచ్చును. అర్జీలు వ్రాయుటయందు చేతనైన సాయము చేయుదుము.

తల్లిదండ్రులారా, బంగారము కొనునప్పుడు నాలుగు దుకాణములు తిరిగి, ఒరగల్లుపై గీచి, తూచి కొనుచున్నాము. బిడ్డను అప్పగించునప్పుడు అంతకు పదిరెట్లు విచారించుట అతిజాగ్రత్త యనిపించుకొనదు. నిదానముగ చూడుడు, సంకోచింపక అడుగుడు, నమ్మిన పిమ్మటను కన్ను వేసియుండుడు. ప్రేమగల చేతులలో పెరిగి, ఇంటి మాటను నోట నిలుపుకొని, నవ్వుచు మా గడప త్రొక్కు బిడ్డకు చదువు నేర్పుట మాకును సంతోషము. అట్టి బిడ్డలు మన బడికి ఏటేట అధికముగ వత్తురుగాక యని కోరుచున్నాము.